డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

చీరాలకు ఆమడకు లోపలనే యున్న వాడరేవును చూడని విద్యార్థులు మనలో అరుదు. తెల్లవారుజామున ఆ యిసుకమీద నిలిచిన వారికి అలివి వల లాగు దృశ్యము పరిచితమే. రెండు వరుసలుగా మనుష్యులు మోకులు పట్టి, మడమలను ఇసుకలో నాటి, హైలెస్సా యని పాడుచు వెనుకకు వాలుదురు. ఒక పట్టు లాగి, క్షణకాలము నిలిచి, మరల లాగుదురు. ఆ నిలుచుట సోమరితనము గాదు. ఆ క్షణములో వారి కండరములయందు జరుగు వ్యవహారమును రసాయనశాలలో మొట్టమొదట కనుగొన్న వారిలో ఒకరు మన తెలుగువారే. ఆయనయే భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి పేరు వినగానే పెద్దలకు ఔషధములు స్ఫురించును. మేము మాత్రము ఈ సంచికలో వారిని కండరము వైపునుండి చూపదలచితిమి. ఏలయనగా వారి కీర్తిలో ఆ భాగమే మన విద్యార్థుల చెవిని తక్కువగా బడినది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ముందుగనే కొలువు మానవలసివచ్చెను. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. ఇల్లు గడచుటయే కష్టముగా నుండెను. పదుమూడవ యేట బాలుడు ఇల్లు విడిచి కాశికి బయలుదేరెను. సన్న్యాసమునకు గాదు, అచట యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని! తల్లి దారిలోనే పట్టించి వెనుకకు రప్పించి, మరల పుస్తకము చేతికిచ్చెను.

ఆ పుస్తకమైనను వెంటనే ఫలింపలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో వారు రెండుమార్లు తప్పిరి. ఈ సంగతిని మేము దాచదలచుకొనలేదు. మా పత్రికను చదువు తల్లిదండ్రులలో ఫలితముల పట్టిక చూచి నిట్టూర్చినవారు ప్రతి సంవత్సరము ఉందురు. ఈలోగా తండ్రి గతించెను. వెంకమ్మగారు తన మంగళసూత్రము నమ్మి కుమారుని చదువు సాగించెనని చెప్పుదురు. మద్రాసు హిందూ హైస్కూలునుండి మూడవమారు పరీక్షకు గూర్చుండి సుబ్బారావుగారు కృతార్థులైరి. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువునప్పుడు గణితముపై ఆసక్తి మెండుగా నుండెను. అంతకు మించి రామకృష్ణ మఠముపై నుండెను. సన్న్యసింపవలెనని కోరిరి, తల్లి సమ్మతింపలేదు. వైద్యుడవై వచ్చినచో సేవకు పనికివత్తువని మఠమువారు సలహా యిచ్చిరి. ఆ విధముగా వారు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి.

చదువు ఖర్చునకు మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు తోడ్పడిరి. ఆయన కుమార్తె శేషగిరిగారితో 1919లో వివాహము జరిగెను. అవి దేశమంతట ఖద్దరు గాలి వీచుచున్న దినములు. 1921లో పురపాలక సంఘపు పన్నుల భారమును నిరసించి చీరాల పేరాల ప్రజలు ఇండ్లు విడిచి రామనగరులో పాకలు వేసికొని నివసించిన కథ మన ప్రాంతపు వృద్ధుల యిండ్లలో నేటికిని చెప్పుకొనబడుచున్నది. ఆ కాలముననే సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగృహములోనికి ఖద్దరు అంగీ తొడుగుకొని వెళ్లిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు ఆగ్రహము కలిగెను. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను వీరికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. అను యోగ్యతాపత్రము మాత్రమే చేతికి వచ్చెను. దానితో సర్కారు వైద్యశాఖలో చేరుటకు దారి మూసికొనిపోయెను.

అంతకంటె పెద్ద దెబ్బ యింటనే తగిలెను. సోదరులు ఇరువురు, పురుషోత్తముగారును కృష్ణమూర్తిగారును, ఎనిమిది దినముల వ్యవధిలో మరణించిరి. ఆహారము వంటబట్టక, విరేచనములతో రక్తము క్షీణించి మనిషి యెండిపోవు స్ప్రూ అను వ్యాధి అది. మనవారి సంగ్రహణికి దగ్గరిది. వైద్యము చదివిన తమ్ముడు, వైద్యము చదివిన అన్న, చేతులు ముడుచుకొని చూడవలసివచ్చెను.

పట్టము చిన్నదైనందున దొరికిన ఉద్యోగము మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనిది. అచట వారు శరీరనిర్మాణశాస్త్రము బోధించిరి. ఎముకకు కండరము ఎట్లంటినది, కండరమునకు నాడి ఎట్లు చేరినది వరుసగా చెప్పు పాఠములు. నిర్జీవ శరీరమున నాడిని, కండరమును వేరుచేసి చూపవచ్చును గాని, సజీవమైన కండరములో ఏమి కాలి బలము పుట్టునో కత్తితో చూపుటకు వీలులేదు. అది చూపగలది రసాయనశాస్త్రము. దానికై విదేశమునకు వెళ్లవలెనను కోరిక బలపడెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధియు, మామగారును ధనసహాయము చేయగా, గర్భవతియైన భార్యను పుట్టినింట విడిచి ఓడ యెక్కిరి. 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరమున దిగిరి. మూడేండ్లలో తిరిగివత్తునని భార్యకు మాట యిచ్చియుండిరి.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో స్థానము లభించినది గాని విద్యార్థివేతనము లభింపలేదు. పగలు తరగతి, రాత్రి యొక ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పని. 1924లో డిప్లొమా పుచ్చుకొని, అదే విశ్వవిద్యాలయపు జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే గారివద్ద చేరిరి. ఇచటనే మన కథలోని ముఖ్యఘట్టము. దాని విలువ తెలియుటకు ముందు, చెయ్యి యెత్తుట యను సామాన్యమైన పని ఎట్లు జరుగునో విద్యార్థులకు కొంచెము చెప్పక తప్పదు.

మోకు లాగువాని దృష్టాంతమే తీసికొందము. లాగవలెనను సంకల్పము కలుగగానే మెదడు పైపొరలో, ఇంచుమించు ఒక చెవినుండి రెండవ చెవివరకు అడ్డముగా వ్యాపించిన సన్నని పట్టీలోని కణములు చలించును. కుడిచేతికి ఆజ్ఞ ఎడమవైపు మెదడునుండి బయలుదేరును. మెదడు అడుగుభాగమున తంతువులలో అధికభాగము అడ్డముగా దాటి యెదుటిప్రక్కకు పోవును గనుక. ఆజ్ఞ వెన్నుపాములోనికి దిగి, అచటి చలననాడీకణమునకు చేరును. ఆ కణమునుండి ఒకే తంతువు, మధ్య ఎక్కడను ఆగక, కండరమువరకు సాగును. పాదము చేరు తంతువు ఇంచుమించు ఒక మీటరు పొడవుండును. మనుష్యుని చలననాడులలో వార్త సెకనుకు సుమారు 50 మొదలు 60 మీటరులు పరుగెత్తును. ఇది తంతి తీగలోని విద్యుత్తు వేగముకంటె మిక్కిలి తక్కువ. నాడిలో వార్తకు కొంత కాలము పట్టునని కప్ప నాడిమీద కొలిచి చూపినవాడు జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్జు, 1850లో. అంతకుముందు దానిని కొలువనే లేమని గొప్పవారు సైతము భావించియుండిరి.

ఒక నాడీకణము తన తంతువును పెక్కు శాఖలుగా చీల్చి ఒక కండరములోని పెక్కు పోగులను ఏలును. కంటిని త్రిప్పు కండరములలో ఒక్కొక్క కణము క్రింద కొలదిపాటి పోగులే యుండును; పిక్కవంటి పెద్ద కండరములో వేయికి మించి యుండును. అందుచే చూపు అతిసూక్ష్మముగా త్రిప్పగలము, కాలు అతిబలముగా తన్నగలము. బలము పెంచవలసినపుడు మెదడు మరికొన్ని కణములను పిలుచును, పిలిచినవానికి ఆజ్ఞలను మరింత తరచుగా పంపును. పొరుగున వ్యతిరేక దిశను లాగు కండరమును అదే సమయమున సడలించును. ఈ సడలింపు క్రమమును శ్రమపడి విప్పిన ఆంగ్లేయుడు షెర్రింగ్టనుగారు 1932లో నోబెలు బహుమానము పొందిరి. మోచెయ్యి మడచునపుడు వెనుకనున్న కండరము బిగిసియున్నచో చెయ్యి కదలదు. అంతేగాక కండరములోనే యుండు సాగుదలను కొలుచు సూక్ష్మావయవములు, మోకు ఎంత బిగిసినదో, కాలు ఎంత జారినదో, వెన్నుపామునకు నిరంతరము విన్నవించుచుండును. కన్నులు మూసికొని వ్రేలిని ముక్కున ఆనించగలుగుచున్నాము గదా. అది వీనివంటి వార్తాహరుల చలవయే.

నాడి కండరమును చేరుచోట రెండును అంటియుండవు. నడుమ అతి సన్నని యెడమున్నది. నాడి కొన అచట ఎసిటిల్‌కోలీను అను ద్రవ్యమును విడుచును. అది యెడము దాటి కండరపు పొరను తాకును. ఇట్లు నాడులు రసాయనద్రవ్యముద్వారా వార్త నందించునని నిరూపించినందుకే డేలు, లోయీ అను ఇరువురు 1936లో నోబెలు బహుమానము పొందిరి. పొరలో పుట్టిన అలజడి లోనికి వ్యాపింపగా కండరపు పోగులో కాల్షియము విడుదలయగును. అంతట మయోసిను అను మాంసకృత్తు యొక్క తలలు, ఆక్టిను అను మాంసకృత్తు తంతువులను పట్టి లాగును. తంతువులు కురచకావు, ఒకదానిలోనికొకటి జరుగును. ఇది 1954లో తేలిన విషయము. వల లాగువారు మోకును చేతులు మార్చి మార్చి పట్టునట్లే, తలలు పట్టి, లాగి, విడిచి, మరల ముందుకు పట్టును.

ఇక అసలు ప్రశ్న. నాడి తెచ్చునది ఆజ్ఞయే గాని బలము గాదు. పూర్వులు అట్లు తలంపలేదు. మెదడునుండి ఏదో సూక్ష్మవాయువు నాడుల గొట్టములలో ప్రవహించి, తిత్తిలో గాలివలె కండరమును ఉబ్బించునని ఐరోపాలో పెక్కు శతాబ్దములు నమ్మిరి. డచ్చివాడైన స్వామర్‌డాము 17వ శతాబ్దమున కప్ప కండరమును గాజుకుప్పెలో నుంచి, సన్నని గొట్టములోని నీటిబొట్టు కదలికను చూచి, ముడుచుకొను కండరము పరిమాణమున పెరుగదని తేల్చెను. వాయువు లేదు. మరి బలమెక్కడిది?

ఇరువదవ శతాబ్దపు తొలి దినములలో దీనికి జవాబు దొరికినదనియే అందరు తలంచిరి. కండరము శ్రమించునపుడు అందులో లాక్టికామ్లము పేరుకొనును, విశ్రమించినపుడు తగ్గును. కనుక ఆ ఆమ్లము పుట్టుటయే కండరమును ముడుచు యంత్రమని భావింపబడెను. ఈ మార్గమున పాటుపడిన హిల్లుగారికిని మయ్యర్‌హాఫుగారికిని 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించెను. సుబ్బారావుగారు బోస్టనులో దిగిన సంవత్సరమే అది.

ఫిస్కేగారు సుబ్బారావుగారికి ఒప్పగించిన పని పైకి చూచుటకు శుష్కమైనది: రక్తము మొదలగువానిలో భాస్వరమును కొలుచుటకు సులభమైన విధానము కనుగొనుట. 1925లో ఇరువురును కలిసి దానిని ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునందు మాలిబ్డేటును ఆమ్లమును కలిపి, తరువాత ఒక తగిన రసాయనమును చేర్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వరము ఎంత హెచ్చో నీలము అంత చిక్కన. తెలిసిన పరిమాణముగల ద్రవముతో రంగును సరిపోల్చి లెక్క కట్టవచ్చును. రంగు కొలది నిమిషములలోనే పూర్తిగా తేలును. చౌకయైనది, త్వరగా ముగియునది, నమ్మదగినది. ఆసుపత్రులలో, కళాశాలలలో వెంటనే వ్యాప్తిలోనికి వచ్చెను.

ఈ విధానమునే కండరమునకు ప్రయోగించినపుడు ఒక వింత తలయెత్తెను. అపుడే తీసిన పిల్లి కండరమునుండి రసము దీసి, మాంసకృత్తులను తొలగించి, నీలమునకై చూచుచుండగా రంగు తన వేళకు నిలువలేదు. మొదట వెలవెలబోయి, పిమ్మట నిదానముగా, చాలసేపటివరకు చిక్కనగుచు పోయెను. ఇట్టి సందర్భమున నూటికి తొంబదిమంది పాత్ర సరిగా కడుగలేదనియో, ఆమ్లము పాళ్లు తప్పినదనియో తలంచి పారబోయుదురు. మన విజ్ఞానశాస్త్రపు గదిలో ఇట్టి పారబోతలను మేము ఎన్ని చూచియున్నామో! తమ విధానమును తామే నిర్మించిన వారగుటచే దానిలో తప్పు లేదని వారికి గట్టిగా తెలియును. తప్పు విధానములో లేనిచో, విశేషము కండరములో నుండవలెను.

విషయమేమనగా, కండరములో స్వేచ్ఛగా నున్నదని అంతవరకు అందరు లెక్కించిన భాస్వరామ్లములో అధికభాగము స్వేచ్ఛగా లేదు. అది వేరొక ద్రవ్యముతో ముడివడియున్నది; ఆ ముడి అతి సుకుమారము. పరీక్షకై కలిపిన ఆమ్లమాలిబ్డేటే ఆ ముడిని కొంచెము కొంచెముగా విప్పుచున్నది; విడిన కొలది రంగు చిక్కనగుచున్నది. పూర్వపు పండితులు కండరమును పరీక్షకు సిద్ధపరచుటలోనే ఈ ద్రవ్యమును నాశనము చేసికొని, శిథిలములను లెక్కపెట్టుచుండిరన్నమాట. ఆ రెండవ ద్రవ్యము క్రియేటినని, రెండును సమపాళ్లలో కలిసియున్నవని ఫిస్కే సుబ్బారావుగారలు తేల్చిరి. దానికి ఫాస్ఫోక్రియేటినని పేరు. 1927లో క్లుప్తముగా, 1929లో వివరముగా ప్రకటించిరి. దానిని కాల్షియము లవణముగా శుద్ధిచేసి చూపిరి. ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును 1927లోనే ఈ అస్థిర భాస్వర ద్రవ్యమును చూచి ఫాస్ఫాజెనని పేరిడిరి. అందులో క్రియేటిను ఉన్నదని నిర్ధారణ చేసినది మాత్రము బోస్టను జంట.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. విద్యుత్తుతో ప్రేరేపించి కండరమును శ్రమింపజేసినపుడు ఈ ద్రవ్యము తరిగిపోవును. విశ్రాంతి నిచ్చినపుడు మరల కూడుకొనును. వాడరేవులో మోకు పట్టి నిలిచినవారి క్షణకాల విశ్రాంతి ఇదియే! వ్యయమైన ఫాస్ఫోక్రియేటిను సగముపాలు అరనిమిషము ప్రాంతములోనే తిరిగి సమకూడును, కొలది నిమిషములలో దాదాపు అంతయు సమకూడును.

1929లోనే వారు కండరమునుండి ఇంకొక భాస్వర ద్రవ్యమును వేరుచేసిరి. అది అడినోసీను ట్రైఫాస్ఫేటు. నేడు విద్యార్థులు ఏ.టి.పి. యని వల్లించునది. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమనుగారును దానిని స్వతంత్రముగా కనుగొనిరి. మయోసిను తల లాగుటకు నేరుగా వెచ్చించు ధనము ఏ.టి.పి.యే. కాని కండరములో దాని నిలువ మిక్కిలి స్వల్పము. పూర్ణబలముతో లాగినచో రెండుమూడు సెకనులకు మించి చాలదు. అది విడిన మరుక్షణమే ఫాస్ఫోక్రియేటిను తన భాస్వరము నిచ్చి దానిని మరల నిలబెట్టును. ఈ యిచ్చిపుచ్చుకొనుటను 1934లో లోమనుగారే చూపిరి. ఇట్లు సుమారు పది సెకనుల పని సాగును. ఆ లోపల పిండిపదార్థమును కాల్చుకొను పొయ్యి రాజుకొనును. గాదెనిండ ధాన్యమున్నను, వాకిట నిలిచిన కూలివానికి తక్షణము ఈయవలసినది రొంటినున్న రొక్కమే గదా. ఫాస్ఫోక్రియేటిను అట్టి రొక్కము.

ఈ ఏ.టి.పి. లాగుటకే గాదు, విడుచుటకును కావలయును. క్రొత్త ఏ.టి.పి. అణువు వచ్చి చేరినగాని మయోసిను తల తన పట్టు విడువదు. ఒడ్డున వలనుండి తీసినపుడు ఎగిరిపడుచు మెత్తగా నున్న చేప, చచ్చిన కొంతసేపటికి కర్రవలె బిగుసుకొనుట మన బెస్తవారందరు ఎరిగినదే. బలము వచ్చి బిగియలేదు. పట్టు విడిపించు ద్రవ్యము అయిపోయి బిగిసినది. బిగిసిన చేప తాజాదని బేరమాడు గృహిణులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

లాక్టికామ్ల సిద్ధాంతము ఏమైనదందురా? 1930లో డెన్మార్కువాడైన లుండ్స్‌గార్డు కండరమునకు ఒక విషమునిచ్చి లాక్టికామ్లము పుట్టకుండ అరికట్టెను. అయినను కండరము ముడుచుకొనుచునే యుండెను; అందులోని ఫాస్ఫోక్రియేటిను తరుగుచు వచ్చి, అది ముగియగానే బిగిసి నిలిచిపోయెను. కండరశాస్త్రమున విప్లవము వచ్చినదని నోబెలు బహుమానము పొందిన హిల్లుగారే యొప్పుకొనిరి. తన బహుమానమునకు ఆధారమైన భావము కూలగా దానిని తానే చాటినవాడు హిల్లు. అట్టివారు ఎక్కువమంది యుండరు.

సుబ్బారావుగారి గతి వేరు. 1930లో డాక్టరేటు పట్టము పొందిరి. కాని హార్వర్డు వారికి స్థిరమైన పదవి నీయలేదు. సంవత్సరములు గడచినను చిన్న ఉపాధ్యాయస్థానములోనే యుంచెను. వారి పరిశోధనలలో కొన్ని వెలుగుజూడనే లేదు. ఆ ప్రయోగశాలలోనే విద్యార్థిగా నుండి, తరువాత 1988లో నోబెలు బహుమానము పొందిన జార్జి హిచ్చింగ్సుగారు, సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని ద్రవ్యములను తరువాత ఇతరులు క్రొత్తగా కనుగొనవలసివచ్చెననియు, అసూయచే కాబోలు ఫిస్కేగారు వానిని బయటపడనీయలేదనియు చెప్పియున్నారు. మేము ఆ దూరపు తగవునకు తీర్పరులము గాము. అయినను రంగు నిదానమునకు కారణము వెదకిన ఓర్పు ఇరువురి పేర నుండగా, బడినుండి తొలగిపోవలసినవాడు ఒక్కడే యయ్యెనని వ్రాయకుండ నుండలేము. తమ పేరు చాటుకొనుట సుబ్బారావుగారి స్వభావములోనే లేదు. సభలలో, చిత్రపటములలో వెనుకవరుసనే నిలుచువారు.

1940లో వారు హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్‌రివరులో లెడర్లే ఔషధశాలలో చేరి, కొలది కాలములోనే పరిశోధన కంతటికిని అధ్యక్షులైరి. అచటి ఎనిమిదేండ్ల పని మన పాఠకులకు కొంత తెలిసినదే గనుక త్వరగా చెప్పి ముగింతుము. వారి బృందము 1945లో ఫోలికామ్లమును రసాయనికముగా తయారుచేసెను. స్ప్రూ రోగుల రక్తహీనత కది మందయ్యెను. అన్నదమ్ములను హరించిన వ్యాధి అదియే యని మరల గుర్తుచేయ నవసరములేదు. ఫోలికామ్లమునకు ప్రతిద్వంద్విగా అచట తయారైన అమినాప్టెరిను బోస్టనులో డాక్టరు ఫార్బరుగారి చేతిలో పిల్లల రక్తపు కాన్సరును తాత్కాలికముగ నైనను తగ్గించిన మొదటి మందయ్యెను; ఆ ఫలితములు 1948లో ప్రకటింపబడెను. అదే సంవత్సరము ఆరియోమైసిను లోకమునకు వెల్లడియయ్యెను. 1947లో వెల్లడియైన హెట్రజాను బోదకాలు పురుగులపై పనిచేయునది. మన కోస్తా గ్రామములలో బోదకాలు నివారణకై ప్రభుత్వమువారు ఇంటింట పంచిన డి.ఇ.సి. బిళ్లలు ఆ మందే. బోదకాలువలన నడక భారమైన వృద్ధులను చూచినవారికి ఆ బిళ్ల విలువ తెలియును.

మూడేండ్లలో వత్తునని చెప్పిన మాట చెల్లలేదు. వారు వెళ్లిన పిదప పుట్టిన కుమారుడు శైశవములోనే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడలేదు. ఉత్తరములు వచ్చినవి, ధనము వచ్చినది, మనిషి రాలేదు. మొదట పట్టము ముగియలేదు, పిమ్మట పరిశోధన ముగియలేదు, ఆ పిమ్మట యుద్ధము. శేషగిరిగారు ఇరువదియారేండ్లు ఎదురుచూచిరి. ఈ భాగము వ్రాయునపుడు మాకు కలము సాగలేదు. శాస్త్రమునకై త్యాగమని చెప్పుట సులభము. ఆ త్యాగము చేసినవారు ఇరువురనియు, అందొకరిని ఎవరును అడుగలేదనియు మాకు తోచుచున్నది.

భారతీయులకు పౌరసత్వము నీయవచ్చునని అమెరికావారు 1946లో చట్టము చేసిన తరువాతను సుబ్బారావుగారు దానిని స్వీకరింపలేదు. 1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి నిద్రలోనే గుండె యాగి పరమపదించిరి. అప్పటికి వారికి 53 సంవత్సరములు. గుండెయు కండరమే, మెదడు ఆజ్ఞ లేకయే తన లయను తాను నడపుకొనునది, విశ్రాంతికి రెండు స్పందనముల నడిమి యెడము తప్ప వేరెరుగనిది.

భారత ప్రభుత్వము 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, వారి పేర తపాలాబిళ్ల వెలువరించెను. ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. నేడు కండరమును కోయకయే, అయస్కాంతపు యంత్రములో చెయ్యి యుంచి పిడికిలి బిగించుచుండగా, ఫాస్ఫోక్రియేటిను తరుగుటయు మరల పెరుగుటయు తెరమీద గీతగా చూడవచ్చును. కండరము దెబ్బతిన్నదా యని వైద్యులు రక్తములో పరీక్షించు క్రియేటిను కైనేజు అనునది ఫాస్ఫోక్రియేటినునకును ఏ.టి.పి.కిని నడుమ బేరము కుదుర్చు ద్రవ్యమే.

మన బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతములనుండి జీవరసాయనము చదువ పోవు విద్యార్థులకు ప్రయోగశాలలో భాస్వరము కొలుచు పాఠము వచ్చును. ఆ పాఠపు శీర్షిక ఫిస్కే సుబ్బారావు పద్ధతి. మా పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చినపుడు, ఆ రెండవ పేరు మనవారిదా యని మమ్ము అడిగెను. భీమవరమని చెప్పితిమి. పరీక్షనాళికలో నీలము తేలువరకు గడియారము చూచుచు నిలుచుంటిననియు, అప్పుడు అది తెలిసియున్న బాగుండెడిదనియు అనెను.